ఇంట్లో ప్లంబింగ్ పనుల్లో లైసెన్సు ప్లంబర్ ఎప్పుడు తప్పనిసరి?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. కూకట్‌పల్లి వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నారు. ట్యాపులు కారుతున్నాయి, బాత్రూమ్ లైన్లు మొత్తం మార్చాలి, నీళ్ల మీటరును గేటు పక్కకు జరపాలి. వెనకాల ఉన్న పాత సెప్టిక్ ట్యాంకు తీసేసి డ్రైనేజీకి కలపాలి. కొత్తగా గీజర్ పెట్టాలి, వీలైతే బోరు కూడా వేయించాలి. ఇందులో ఏవి మీ వీధి చివర ఉండే ప్లంబర్‌తో చేయించుకోవచ్చు, వేటికి లైసెన్సు ఉన్నవాళ్లే రావాలి? డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య గారు "ఇక్కడైతే ట్యాపు మార్చినా లైసెన్సు కావాలి" అంటున్నారని కూడా రాశారు. ఆయన మాట దగ్గరికి చివర్లో వస్తాను.

నేను హైదరాబాద్‌లో ప్లంబింగ్ కాంట్రాక్టులు చేస్తూ ఉంటాను. ఇదే ప్రశ్న ఇల్లు కొన్న ప్రతివాళ్లూ అడుగుతారు, కానీ అందరూ ఒకే పొరపాటు లెక్క వేసుకుంటారు: కష్టమైన పనికి లైసెన్సు కావాలి, చిన్న పనికి అక్కర్లేదు అని. చట్టం అలా చూడదు. మీ పైపు ఇంకొకరి పైపుతో ఎక్కడ కలుస్తోంది, ఆ పనిలో మనిషి ప్రాణం పోయే ప్రమాదం ఉందా, ఈ రెండే చూస్తుంది. గోడ లోపల కన్సీల్డ్ లైన్ వేసి, డైవర్టర్ పెట్టి, టైల్స్ కింద ఒక్క చుక్క కూడా కారకుండా చేయడానికి ఏళ్ల అనుభవం కావాలి. దానికి లైసెన్సు చూపించమని మిమ్మల్ని ఎవరూ అడగరు. అదే మీటరుకు అవతల, రోడ్డు వైపున్న అర అడుగు పైపు మార్చడం అరగంట పని. అది మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

ముందు ఇంటి లోపలి సంగతి. మన దేశంలో అమెరికాలోలాగా రాష్ట్రం మొత్తానికి చెల్లే ప్లంబర్ లైసెన్సు అంటూ లేదు. లైసెన్సు ఇచ్చేది స్థానిక సంస్థ: హైదరాబాద్‌లో జలమండలి (నగరంలో నీళ్లు, డ్రైనేజీ చూసే బోర్డు), విజయవాడ, విశాఖ లాంటి చోట్ల మున్సిపల్ కార్పొరేషన్. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో తొమ్మిదో భాగం మొత్తం ప్లంబింగ్ గురించే. ప్లంబింగ్ పనులు లైసెన్సు ఉన్న ప్లంబరే చేయాలని అందులో ఉంది. కాకపోతే అది నమూనా కోడ్. రాష్ట్రం గానీ కార్పొరేషన్ గానీ తన నిబంధనల్లోకి ఎంత తీసుకుంటే అంతవరకే దానికి చట్టబలం. అందుకని ట్యాపు, వాషరు, స్పిండిల్, యాంగిల్ కాక్, ఫ్లష్ ట్యాంకు, సింకు కింద వేస్ట్ పైపు, షవరు, ఓవర్‌హెడ్ ట్యాంకు బాల్ వాల్వు, ట్యాంకు నుంచి కిందికి దిగే లైన్లు మీరైనా మార్చుకోవచ్చు, మీ వీధి ప్లంబరైనా మార్చవచ్చు. బాత్రూమ్ లైన్లు మొత్తం మార్చడమూ ఇందులోకే వస్తుంది.

అయితే లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎవరు తక్కువకు చేస్తానంటే వాళ్లకు ఇవ్వకండి. బాత్రూమ్ పనిలో నేను చూసే విషయం ఒకటే: గోడ మూసేముందు ప్రెషర్ టెస్ట్ చేస్తాడా లేదా. లైన్ వేశాక అన్ని పాయింట్లకూ డమ్మీ ప్లగ్గులు బిగించి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి, గేజీ ముల్లు ఎక్కడ ఉందో ఫోటో తీసుకుని, ఒక రాత్రంతా అలా వదిలేయాలి. పొద్దున్న ముల్లు అక్కడే ఉంటేనే టైల్స్ వాళ్లను పిలవాలి. "మా పని లీకు కాదు సార్, టెస్ట్ ఎందుకు" అన్నవాడిని అక్కడే ఆపేయండి. వేడినీళ్లకు సీపీవీసీ, చల్లనీళ్లకు యూపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేస్తారు. రెండూ అతుక్కునే గమ్ములు వేరు. యూపీవీసీ గమ్ముతో సీపీవీసీ జాయింట్ అతికిస్తే కొన్ని నెలల తర్వాత గీజర్ లైన్ దగ్గరే వదులుతుంది.

ఇక మీటరు. ఇక్కడి నుంచి కథ మారుతుంది. జలమండలి 1989 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థ. రోడ్డులో పోయే మెయిన్ పైపు, దానికి కొట్టిన ఫెర్రూల్ (మెయిన్ పైపు నుంచి మీ లైన్ విడిపోయే చోటి బిరడా), అక్కడి నుంచి మీ మీటరు దాకా వచ్చే సర్వీసు లైన్ మీద నియంత్రణ వాళ్లదే. ఆ పైపుకు డబ్బు మీరే కట్టినా, పని వాళ్ల అనుమతితో, వాళ్లు గుర్తించిన ప్లంబర్ల చేతుల మీదుగా జరగాలి. రోడ్డు తవ్వాలంటే రోడ్ కటింగ్ పర్మిషన్ విడిగా తీసుకోవాలి. మీటరును గేటు పక్కకు జరపడం మీ కాంపౌండు లోపలి పనే కదా అనిపిస్తుంది. కానీ మీటరుకు ముందున్న పైపును ముట్టుకుంటున్నారు గనక అదీ దరఖాస్తు పెట్టుకుని చేయించాల్సిన పనే. మీటరు విప్పి పక్కన పెట్టి నాలుగు రోజులు నేరుగా నీళ్లు పట్టుకున్నా అది మీటరు లేని వాడకం కిందికి వస్తుంది. అక్రమ కనెక్షన్ల మీద జలమండలి విజిలెన్స్ వాళ్లు క్రిమినల్ కేసులు పెడతారు. పైగా నెలకు 20 కిలోలీటర్ల ఉచిత నీళ్ల పథకం పనిచేసే మీటరుతో, ఆధార్ లింకుతో ముడిపడి ఉంది. బస్తీలకు ఉన్న మీటరు మినహాయింపు మీ ఇంటికి రాదు. మీటరుతో ఆటలాడితే ముందు పోయేది ఆ ఉచితమే.

"ఇంత చిన్నదానికి ఇన్ని రూల్సా" అని అందరూ విసుక్కుంటారు. కారణం పైపులోనే ఉంది. మన దగ్గర నీళ్లు ఇరవైనాలుగు గంటలూ రావు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, అదీ కొద్ది గంటలు. మిగతా సమయమంతా మెయిన్ లైన్ ఖాళీగా, ప్రెషర్ లేకుండా పడి ఉంటుంది. పాత బస్తీల్లో, పాత కాలనీల్లో నీళ్ల పైపూ డ్రైనేజీ పైపూ ఒకే సందులో, ఒక్కోసారి ఒకదాని మీద ఒకటి పోతాయి. ఫెర్రూల్ దగ్గర జాయింట్ సరిగ్గా బిగించకపోతే, నీళ్లు వచ్చే రోజు బయటికి కారుతుంది, రాని రోజు చుట్టూ ఉన్న మురికిని లోపలికి లాగుతుంది. మర్నాడు పొద్దున్న మొదటి పది నిమిషాలు వాసన నీళ్లు వచ్చేది ఇందుకే. మీ ఇంట్లో తప్పు జాయింటుకు మీ గోడ తడుస్తుంది. రోడ్డు మీద తప్పు జాయింటుకు ఆ వీధి పిల్లలందరికీ వాంతులు, విరేచనాలు.

ఈ లెక్కలోనే మోటారు సంగతి కూడా. సంపులోకి నీళ్లు తొందరగా రావాలని చాలామంది సర్వీసు లైన్‌కే నేరుగా మోటారు పెడతారు. మోటారు లాగేకొద్దీ ఆ లైన్‌లో ప్రెషర్ సున్నా కంటే కిందికి పోతుంది, పక్కవాళ్లకు నీళ్లు రావు, పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో జలమండలి మోటార్ ఫ్రీ ట్యాప్ అని డ్రైవ్ పెట్టి, ఇలా దొరికినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా వేసి మోటార్లు పట్టుకుపోయింది. మీ పాత ఓనరు పెట్టిన మోటారు ఎక్కడి నుంచి లాగుతోందో ఒకసారి చూడండి. సంపు నుంచి ట్యాంకుకైతే ఇబ్బంది లేదు. మీటరు పక్కనే చిన్న మోటారు కనిపిస్తే మాత్రం ఈ రోజే తీసేయించండి. పెట్టింది ఆయనే అయినా ఇప్పుడు ఇల్లు మీది, జరిమానా మీకే.

చట్టంలో ఈ విషయం ఎంత స్పష్టంగా రాస్తారో తెలియాలంటే ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, 1957 మంచి ఉదాహరణ. నీళ్లు, డ్రైనేజీ అధ్యాయంలో చెప్పిన ఏ పనీ లైసెన్సు ప్లంబర్ తప్ప వేరొకరు చేయకూడదు, చేయనివ్వకూడదు అంటుంది. చిల్లర పని అనిపిస్తే కమిషనర్ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి వేరేవాళ్లతో చేయించుకోనివ్వవచ్చు. దీన్ని మీరి చేయించిన పనిని పగలగొట్టే అధికారం కూడా కమిషనర్‌కు ఉంది. గమనించండి, చేసిన ప్లంబర్ ఒక్కడే కాదు, చేయించుకున్న ఇంటి యజమాని కూడా అందులో ఉన్నాడు. ఊరు మారితే సెక్షన్లు మారతాయి గానీ, నీళ్ల బోర్డు దగ్గర గానీ కార్పొరేషన్ దగ్గర గానీ మీరు ఎదుర్కొనే ధోరణి ఇదే.

డ్రైనేజీకి కలపడం కూడా అంతే. బాత్రూమ్ నుంచి మీ గేటు లోపలి చాంబర్ దాకా మీ ఇష్టం. ఆ చాంబర్ నుంచి రోడ్డు మీది మ్యాన్‌హోల్‌కు కలపాలంటే జలమండలి నుంచి సివరేజ్ కనెక్షన్ తీసుకోవాలి. వీధి ప్లంబర్ "రాత్రికి రాత్రి కలిపేస్తా సార్" అంటాడు. వద్దు. మ్యాన్‌హోల్ మూత అనుమతి లేకుండా తెరవడమే జలమండలి చట్టం ప్రకారం నేరం. వానాకాలంలో వీధిలో నీళ్లు నిలిచాయని కాలనీ కుర్రాళ్లు గునపాలతో మూతలు లేపుతారు చూడండి, అదీ నేరమే. ఆ నీళ్లలో మూత లేని గుంత కనపడక మనిషి కొట్టుకుపోతే ఎవరు జవాబు చెప్తారు? మ్యాన్‌హోల్ పొంగితే 155313కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో అన్నిటికంటే పెద్ద విషయం: సెప్టిక్ ట్యాంకు. మీరు దాన్ని చివర్లో ఒక ముక్కలో రాశారు, నేనైతే ముందు దాని గురించే అడిగేవాణ్ణి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, తగిన రక్షణ లేకుండా మురుగు కాల్వలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దించి శుభ్రం చేయించకూడదు. ఇది మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. నేరుగా పెట్టుకున్నా, మేస్త్రి ద్వారా పెట్టుకున్నా ఒకటే. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షల దాకా. మనిషి చనిపోతే బాధిత కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది.

పని జరిగే చోట ఇది ఎలా వస్తుందో చెప్తాను. ట్యాంకరు వస్తుంది, గొట్టం దింపుతారు, పల్చటి నీళ్లంతా గుంజేస్తారు. అడుగున జానెడు మందాన గట్టి బురద మిగులుతుంది. గొట్టం దాన్ని లాగలేదు. అప్పుడు డ్రైవరు మీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మనిషిని దింపితే పూర్తిగా క్లీన్ అయిపోద్ది సార్, కొంచెం చూసి ఇవ్వండి" అంటాడు. ఆ క్షణంలో మీరు సరే అన్నారంటే దింపించింది మీరే. ఆ ట్యాంకులో ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. తక్కువగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. దిగినవాడు "వాసన పోయిందన్నా" అంటూనే పడిపోతాడు. వాణ్ణి లాగడానికి పైవాడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. పేపర్లో ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు అని వచ్చేది అందుకే. అగ్గిపుల్ల వెలిగించి చూడటం, దీపం దింపి చూడటం లాంటి పాత పద్ధతులు కూడా వద్దు, మీథేన్ అంటుకుంటుంది.

చేయాల్సింది ఏమిటంటే, పైనుంచే నీళ్లు జెట్టుతో కొట్టి బురదను వదులు చేసి మళ్లీ గుంజించడం. రెండు మూడుసార్లు చేస్తే చాలు. ట్యాంకు వాడకంలో ఉంచేవాళ్లయితే అడుగున కొంచెం మిగిలినా నష్టం లేదు, బ్యాక్టీరియా అక్కడి నుంచే మళ్లీ పెరుగుతుంది. మీరు పూర్తిగా మూసేస్తున్నారు గనక, ఖాళీ చేయించాక పైకప్పు స్లాబు పగలగొట్టించి, కొన్ని రోజులు గాలి తగలనిచ్చి, పైనుంచే మొరం నింపేయించండి. ట్యాంకర్లకు కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది. 14420కి గానీ 155313కి గానీ ఫోన్ చేస్తే గుర్తింపు ఉన్న బండి వస్తుంది. గోడ మీద నంబరు రాసి ఉన్న బండిని పిలిస్తే అది ఆ మురుగును రాత్రిపూట ఏ చెరువులో వదులుతుందో మీకు తెలియదు.

గీజర్ విషయంలో ప్లంబర్ కంటే ఎలక్ట్రీషియన్ ముఖ్యం. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, 2023లో కొత్తవి వాటి స్థానంలోకి వచ్చాయి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, 250 వోల్టుల లోపు ఇంటి వస్తువులు మార్చడం లాంటివి తప్ప మిగతా వైరింగ్ పని ఏదైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి. కాబట్టి పాత గీజర్ పాడై అదే పాయింటుకు అంతే కెపాసిటీ కొత్తది తగిలిస్తే గొడవ లేదు. మీరు డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి కొత్త లైన్ లాగి పాయింటు పెట్టిస్తున్నారు, అది లైసెన్సు పని. మోటారుకు కొత్త స్టార్టరు, కొత్త కేబుల్ కూడా ఇదే కిందికి వస్తాయి. ఎర్తింగు సరిచూసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. దీని ఖర్చు దగ్గర బేరం ఆడకండి.

గ్యాస్ గీజర్ ఆలోచన ఉంటే బాత్రూమ్ లోపల మాత్రం పెట్టకండి. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగూ వాసనా ఉండదు. మీ కాలనీకి భాగ్యనగర్ గ్యాస్ పైపు లైన్ వచ్చి ఉంటే, ఆ పైపును జరపడం, పొడిగించడం, వంటగది మార్చినప్పుడు వంచడం అన్నీ కంపెనీ మనుషులే చేయాలి. కిచెన్ మాడ్యులర్ వాళ్లు "మేమే జరుపుతాం" అంటారు, ఒప్పుకోకండి.

బోరుకు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం), 2002 కింద ముందుగా అనుమతి కావాలి, రిగ్గు బండి కూడా రిజిస్టర్ అయినదై ఉండాలి. పాత బోరు ఎండిపోయి ఉంటే దాన్ని వదిలేయకండి. తెరిచి ఉన్న బోరుబావుల్లో పిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూత బిగించడం, వాడనిదాన్ని అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చడం యజమాని బాధ్యతే.

మీది ఇండిపెండెంట్ ఇల్లు కాబట్టి అపార్టుమెంటు గొడవ లేదు. చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట: షాఫ్టులో పోయే డ్రైనేజీ పైపులు, టెర్రస్ ట్యాంకు నుంచి దిగే మెయిన్ లైన్లు అందరి ఉమ్మడి ఆస్తి. అసోసియేషన్‌ను అడగకుండా వాటిని కోయకూడదు. స్లాబుకు కోర్ కటింగ్ (మిషన్‌తో గుండ్రంగా రంధ్రం కోయడం) అయితే ఇంజినీరును అడగకుండా అసలే వద్దు, లోపలి కడ్డీ తెగితే పైపు కోసం స్లాబును బలహీనం చేసుకున్నట్టే.

మీ అన్నయ్య గారి మాటకొస్తే, డాలస్ ఉన్న టెక్సస్‌లో ఆయన అనుకున్నంత లేదు. సొంతంగా నివసించే ఇంట్లో యజమాని తనే ప్లంబింగ్ చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదని అక్కడి చట్టంలోనే ఉంది. నగరాన్ని బట్టి వాటర్ హీటర్ మార్చడం లాంటివాటికి పర్మిట్ మాత్రం తీసుకోవాల్సి రావచ్చు. ఆ మినహాయింపు తను ఉండే ఇంటికే. అద్దెకు ఇచ్చిన రెండో ఇంట్లో ఆయన చేతులు పెట్టకూడదు, మనవాళ్లు చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కాలిఫోర్నియాలో పని మొత్తం, సామానూ కూలీ కలిపి, 1,000 డాలర్ల లోపు ఉండి, పర్మిట్ అక్కర్లేనిదైతే లైసెన్సు లేని హ్యాండీమ్యాన్ చేయవచ్చు. 2025కి ముందు ఆ పరిమితి 500 డాలర్లే. బ్రిటన్‌లో నీళ్ల ట్యాపు మీరే మార్చుకోవచ్చు గానీ, గ్యాస్ పనికి ఎవరినైనా పెట్టుకుంటే వాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి.

లైసెన్సు చూడటం గురించి. ఐటీఐ ప్లంబర్ సర్టిఫికెట్, స్కిల్ కోర్సు సర్టిఫికెట్, యాప్‌లో వెరిఫైడ్ అన్న గుర్తు, ఇవేవీ లైసెన్సు కావు. పని వచ్చని చెప్తాయి, అంతే. జలమండలి పనికి వచ్చినవాడైతే జలమండలి ఇచ్చిన గుర్తింపు, మీ దరఖాస్తు నంబరు రెండూ చూపించగలగాలి. ఫీజు ఆన్‌లైన్‌లో గానీ ఆఫీసులో గానీ కట్టి రసీదు తీసుకోండి. "డబ్బు నా చేతికిస్తే నేనే కట్టేస్తా" అంటే ఒప్పుకోవద్దు.

మీ పనుల వరస ఇలా పెట్టుకోండి. పాత ఇల్లు గనక నీళ్ల కనెక్షన్ క్యాన్ నంబరు (బిల్లు మీద ఉండే ఖాతా నంబరు) ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉండి ఉంటుంది. బకాయిలు చూసి, సేల్ డీడ్ పెట్టి ముందు పేరు మార్పించుకోండి. అది అయ్యాక మీటరు జరపడానికి, సివరేజ్ కనెక్షన్‌కి కలిపి దరఖాస్తు పెట్టండి. ఆ అనుమతులు వచ్చేలోగా లోపలి బాత్రూమ్ పని మొదలుపెట్టించుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకును మాత్రం డ్రైనేజీ కలిసేదాకా ముట్టుకోకండి, లేకపోతే మధ్యలో ఇంట్లో బాత్రూమ్ లేకుండా కూర్చోవాలి.